మూడు కాళ్ల స్టాండుకి పీతల సంచీ

మూడు కాళ్లున్న వస్తువు ఒకటి కొని, దాని పుణ్యమా అని రెండు కాళ్ల మనుషుల్నీ పది కాళ్ల పీతల్నీ ఒకే ఒడ్డు మీద చెల్లాచెదురుగా పరిగెత్తించిన వాణ్ని నేను. ఆ రోజు అత్తవారింట్లో నా పరువు, మా చినమావయ్యగారి కెమెరా, ఆ పూట కూర, మూడూ ఒకేసారి ప్రమాదంలో పడ్డాయి. వాటిలో ఏవి దక్కాయో చివర్లో చెప్తాను. ఇప్పుడే చెప్పేస్తే మీరు ఇక్కణ్నుంచే లేచి వెళ్లిపోతారు, ఆ మాత్రం లోకజ్ఞానం నాకుంది.

నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చేసిన ఘనకార్యం చూశాక మీరు నమ్మరు. ఏ వస్తువు ఎందుకు నిలబడుతుందో, ఎందుకు పడిపోతుందో ఏటేటా పిల్లలకి బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పే ఉద్యోగం నాది. దానికి జీతం కూడా ఇస్తారు.

ఇది మా పెళ్లయిన కొత్తల్లో సంగతి. మా ఆవిడ రమ్యది నాగాయలంక దగ్గర పల్లెటూరు. మావయ్యగారు వరి పండిస్తారు. ఆయన తమ్ముడు, అంటే నాకు చినమావయ్యగారు, రొయ్యల చెరువులు చేస్తారు. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చినమావయ్యగారికి ఫొటోల పిచ్చి. చెరువు బాగా పండిన ఏడాది చుట్టుపక్కల రైతులంతా బంగారం కొంటే, ఈయన పెద్ద కెమెరా కొన్నారట. దాన్ని మెత్తటి తువ్వాల్లో చుట్టి బీరువాలో పట్టుచీరల పక్కన పెడతారు. పట్టుచీరలు చిన్నత్తయ్యగారు ఎవరికైనా చూపిస్తారు గానీ, కెమెరాని మాత్రం ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వరు.

ఆ ఇంటి హాల్లో గోడ నిండా ఫొటోలే. ఒకరోజు నాయనమ్మ నన్ను ఆ గోడ ముందు నుంచోబెట్టి ఒక్కొక్కటీ చూపించింది. ఆవిడ రమ్యకి నాయనమ్మ. అయితే ఆ ఊళ్లో పాలవాడి దగ్గర్నుంచి అందరికీ ఆవిడ నాయనమ్మే, కాబట్టి నాకూ అంతే.

"ఇది మీ మావయ్య పెళ్లి. ఇది రమ్య ఓణీల ఫంక్షను. ఇది మీ పెళ్లి."

"చినమావయ్యగారు ఎక్కడా కనపడరేంటి నాయనమ్మా?"

"అదే కదయ్యా నా బాధ. తీసేది వాడాయె. ఇంక ఫొటోలో ఎక్కణ్నుంచి వస్తాడు?"

"మా పెళ్లికి ఫొటోగ్రాఫర్ని పెట్టారు కదా?"

"పెట్టాం. వీడు ఆ అబ్బాయి వెనకాలే నుంచుని, అలాక్కాదు ఇలా తియ్యి అని చెప్తూనే ఉన్నాడు. ఆ అబ్బాయి మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు పాపం." గోడవైపే చూస్తూ అంది. "కొత్తగా వచ్చినవాళ్లు ఈ గోడ చూస్తే నాకు ఒక్కడే కొడుకు అనుకుంటారయ్యా. నేనుండగా నా ఇద్దరు కొడుకులూ, కోడళ్లూ, రమ్యా, నువ్వూ, అందరూ ఒక్క ఫొటోలో పడాలి. ఇంకేం అక్కర్లేదు నాకు."

నాకు నిజంగానే మనసు చివుక్కుమంది. ఆ గోడ మీద అంతమంది ఉన్నారు, తీసినాయన మాత్రం లేడు.

"దానికేముంది నాయనమ్మా, నేను తీస్తాను," అన్నాను.

వంటింట్లోంచి అత్తయ్యగారు గరిటెతో సహా వచ్చేశారు. "అల్లుడు లేకుండా ఫొటో ఏంటండీ? చూసినవాళ్లు ఏమనుకుంటారు? అల్లుడు అలిగి వెళ్లిపోయాడు అనుకోరూ?"

మీది మా వైపు కాకపోతే ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. మా అత్తవారి ఊరున్న దివిసీమలో కొత్త అల్లుడంటే మనిషి కాదు, ఒక పదవి. అతను లేకుండా ఆ ఇంట్లో విస్తరి పడదు, కారు కదలదు, ఫొటో అసలే తియ్యరు. నేను తీస్తే నేనుండను, చినమావయ్యగారు తీస్తే ఆయనుండరు. పోనీ దారినపోయేవాళ్లనెవరినైనా అడుగుదామా అంటే ఆయన ముఖం మాడ్చుకున్నారు.

"ఒకసారి తిరునాళ్లలో ఎవరికో ఇచ్చానండీ. అందరి కాళ్లూ పడ్డాయి. ఒక్క తల పడితే ఒట్టు. ఆ రోజే అనుకున్నాను, నా కెమెరా ఇంక పరాయి చేతికి ఇవ్వకూడదని."

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఆ గొంతుని పిసికెయ్యాలనిపిస్తుంది.

"ఇంత చిన్నదానికి ఇంత ఆలోచనా? దానికి ట్రైపాడ్ అని ఒకటి ఉంటుందండీ. మూడు కాళ్ల స్టాండు. నేను తెస్తాను. వచ్చే ఆదివారం హంసలదీవి వెళ్దాం. కృష్ణ సముద్రంలో కలిసే చోట అందరం వరసగా నుంచుని తీయించుకుందాం. నాయనమ్మ కోరిక నాకొదిలేయండి."

నాయనమ్మ నా బుగ్గలు పుణికింది. అలా నా చేతులారా నేనే ఇరుక్కున్నాను.

గుడివాడ వచ్చాక కాలేజీలో ఖాళీ దొరికినప్పుడల్లా ట్రైపాడ్ల వీడియోలే చూశాను. వాటిలో చెప్పినాయన ఎత్తు గురించి చెప్పాడు, బరువు గురించి చెప్పాడు, నేల గురించి చెప్పాడు. నేను ఒక్కటే పట్టుకున్నాను. స్టాండు నా భుజం సంచీ పక్క జేబులో, మంచినీళ్ల సీసా పెట్టుకునే చోట పట్టాలి. కారణం ఉంది. గుడివాడ నుంచి బందరు, బందరు నుంచి అవనిగడ్డ, అక్కణ్నుంచి నాగాయలంక. ఆ బస్సుల్లో పొడుగాటి వస్తువు చేతిలో ఉంటే కండక్టరు దగ్గర్నుంచి పక్కసీటు పెద్దాయన దాకా అందరికీ సంజాయిషీ చెప్పుకోవాలి. నాకు అంత ఓపిక లేదు.

బందరులో జిలానీ భాయ్ అని కెమెరా సామాన్ల కొట్టాయన ఉన్నాడు. చాలా మర్యాదస్తుడు. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

"ఇది ఎలా ఉంటుంది భాయ్?"

"బ్రహ్మాండంగా ఉంటుందండి మాస్టారూ."

"మరి ఇదీ?"

"అది కూడా బ్రహ్మాండమేనండి."

"రెండిట్లో ఏది మంచిది?"

"మీకు ఏది నచ్చితే అదే మంచిదండి."

"ఆరుబయట వాడాలి. సముద్రం దగ్గర."

"అలాగైతే ఇది చూడండి," అని గడ్డపారంత స్టాండు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. బల్ల మూలిగింది.

"దీన్ని మోస్తే నేను మంచమెక్కుతాను భాయ్. జేబులో పట్టేది చూపించండి."

అప్పుడు లోపల్నుంచి ఒకటి తీశాడు. మడిస్తే మూరెడు కూడా లేదు. లాగితే నా ఛాతీ దాకా వచ్చింది. కాళ్లు సన్నగా, నాజూగ్గా, పుట్టి రెండ్రోజులైన మేకపిల్ల కాళ్లలా ఉన్నాయి. సంచీ పక్క జేబులో పెట్టి చూశాను. సరిగ్గా పట్టింది. ఇంక ఆ వస్తువులో నాకు ఏ లోపమూ కనిపించలేదు.

"మీ కెమెరా ఎంత బరువు ఉంటుందండి?" అని అడిగాడు జిలానీ భాయ్.

నిజం చెప్పాలంటే ఆ కెమెరాని నేను ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. తువ్వాల్లో చుట్టి ఉండగా దూరం నుంచి చూశాను. అయినా నేను తెలియదనే రకం కాదు కదా. జేబులోంచి ఫోను తీసి స్టాండు మీద పెట్టి, "ఇంచుమించు ఇంతే," అన్నాను.

"అయితే బ్రహ్మాండంగా ఆగుతుందండి. ఇదిగోండి, కింద కొక్కెం కూడా ఉంది. గాలి ఎక్కువైతే ఏదైనా బరువు తగిలించండి, కదలదు."

"ఏదైనా?"

"ఏదైనానండి."

ఆ మాట నా బుర్రలో మేకు కొట్టినట్టు దిగబడిపోయింది.

మర్నాడు స్టాండుని క్లాసుకి కూడా తీసుకెళ్లాను. బల్ల మీద నిలబెట్టి, మూడు కాళ్ల మీద ఉన్నది ఎగుడుదిగుడు నేల మీద కూడా ఎందుకు ఊగదో, బరువు కిందికి ఉంటే ఎందుకు పడదో, గరిమనాభి అంటే ఏంటో గంటసేపు చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి రమ్యకి చూపిస్తే, చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏవండీ, ఇది అప్పడాల కర్ర కంటే తేలిగ్గా ఉంది."

"తేలిగ్గా ఉండటమే దాని గొప్పతనం."

"బాబాయ్ కెమెరా ఎప్పుడైనా పట్టుకున్నారా?"

"రమ్యా, నేను ఫిజిక్స్ మాస్టార్ని."

"సరే అయితే," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రెండు మాటలు అనే తీరులో ఆవిడకి మంచి ప్రావీణ్యం ఉంది.

ఆదివారం చినమావయ్యగారి కారులో అందరం హంసలదీవి చేరాం. నాయనమ్మ కోసం ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాం. ముందు గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని, తర్వాత సముద్రం ఒడ్డుకి వచ్చాం. అక్కడ అప్పుడే పడవ దిగిన ఒకాయన గోతంలో మండపీతలు పట్టుకొస్తున్నాడు. మడ అడవుల్లో దొరికే పెద్ద పీతలు అవి, ఒక్కోటి అరిచేయంత. అత్తయ్యగారి కళ్లు మెరిశాయి.

"అల్లుడుగారికి పీతలంటే ప్రాణం," అన్నారు.

పెళ్లైన మర్నాడు మర్యాదకి ఒకసారి బాగుందన్నాను. అప్పట్నుంచి నేను గడప తొక్కితే పీతలే. బేరం అయ్యాక అత్తయ్యగారు గోతంలోకి తొంగిచూశారు.

"కాళ్లు గట్టిగా కట్టావా నాయనా?"

"కట్టానమ్మా. కొన్నిటికి తాడు చాల్లేదు. మూతి బిగించాలే, ఏం కాదు."

తాడు చాలని ఆ కొన్నిటినీ గుర్తుపెట్టుకోండి.

చినమావయ్యగారు తువ్వాలు విప్పారు. కెమెరా బయటికొచ్చింది. దాని ముందున్న లెన్సే మరచెంబంత ఉంది. ఆయన దాన్ని రెండు చేతులతో నా స్టాండు మీద పెట్టి బిగిస్తుంటే, మూడు కాళ్లూ కాస్త కాస్త వంగడం నాకు కనిపించింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"అల్లుడుగారూ, ఇది వణుకుతోందండీ."

"గాలండీ."

"గాలికి నేను వణకట్లేదే?"

"దానికి ఉపాయం ఉందండీ. కింద కొక్కెం చూశారా? బరువు తగిలిస్తే ఇంక కదలదు."

బరువు కోసం చుట్టూ చూశాను. ఇసుకలో రాయన్నది ఉండదు. నీళ్ల డబ్బా కారులో ఉంది, కారు దూరంగా రోడ్డు మీద ఉంది. అత్తయ్యగారి కాళ్ల దగ్గర గోతం ఉంది. నేను గోతాన్ని చూశాను. రమ్య నన్ను చూసింది.

"ఏవండీ, అవి పీతలు."

"బరువు బరువే రమ్యా. కట్టింది ఇనపగుండా పీతలా అని భూమికి తెలియదు."

ఇంత మంచి మాట నేను క్లాసులో కూడా ఎప్పుడూ చెప్పలేదు. గోతం మూతి బిగించి, కొక్కేనికి తగిలించాను. ఆశ్చర్యం, స్టాండు నిలబడిపోయింది. వణుకు లేదు, ఊపు లేదు. మావయ్యగారికి గరిమనాభి గురించి రెండు ముక్కలు చెప్పాను. ఆయన ఎరువుల కంపెనీ వాళ్లు చెప్పేది విన్నట్టు శ్రద్ధగా తలూపారు.

"ఒకసారి నొక్కితే కాసేపాగి, వరసగా తీస్తూనే ఉంటుందండీ," అన్నారు చినమావయ్యగారు. ఆ మాట అంటూ ఆయన కుర్చీ పక్కకి వెళ్లి నుంచున్నారు. కెమెరాకి అటువైపు నుంచోవడం అలవాటు లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తన భుజం మీద వేసుకుంది. అది చూసి, నేను తెచ్చిన స్టాండు వల్లే కదా అని నా ఛాతీ కాస్త పొంగింది.

ఆయన చెప్పిన బటన్ నొక్కి పరిగెత్తుకొచ్చి రమ్య పక్కన నుంచున్నాను. అందరం పళ్లు బయటపెట్టాం. కెమెరా టక్కుమంది. మళ్లీ టక్కుమంది.

"ఏవయ్యా, నీ స్టాండు నడుస్తోంది," అంది నాయనమ్మ పెదాలు కదపకుండా.

"అది నడవదు నాయనమ్మా. నిలబడే వస్తువది. మీరు నవ్వండి."

"నా కళ్లు బాగానే ఉన్నాయయ్యా. అటు వెళ్తోంది."

చూశాను. గోతం ఊగుతోంది. గాలికి ఊగే ఊపు కాదది, లోపల్నుంచి తన్నే ఊపు. తాడు చాలని పీతలు తాడు ఉన్న పీతల మీదెక్కి పోరాడుతున్నట్టున్నాయి. గోతం ఇటు ఊగితే స్టాండు ఇటు ఒక కాలెత్తుతోంది, అటు ఊగితే అటు ఒక కాలెత్తుతోంది. లోలకం పాఠం కూడా నేనే చెప్తాను, పదిమార్కుల ప్రశ్న. ఇంతలో గోనెలోంచి ఒక పీత డెక్క బయటికొచ్చి, గాలిలో ఎవరినో పిలుస్తున్నట్టు తెరుచుకుని మూసుకుంది. సరిగ్గా అప్పుడే ఒక అల మా పాదాల మీదుగా వచ్చి స్టాండు కాలి కింద ఇసుక తీసుకుపోయింది.

"నా కెమెరా," అన్నారు చినమావయ్యగారు. అరవలేదు. కన్నబిడ్డ బావి గట్టెక్కితే తండ్రి అన్నట్టు, లోగొంతుతో అన్నారు. తర్వాత పరిగెత్తారు. అరవై దగ్గరపడిన మనిషి అలా పరిగెత్తగా నేను ఎన్నడూ చూడలేదు. ఆయన వెనక నేను పరిగెత్తాను. స్టాండు మావైపే ఒరుగుతూ వచ్చింది, గోతం చిరిగింది, పీతలు స్వాతంత్ర్యం ప్రకటించాయి. నేను ఒకదాన్ని తప్పించబోయి ఇంకోదాని మీద కాలేసి జారాను. ఆ తర్వాత కాసేపు నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు.

లేచి చూసేసరికి చినమావయ్యగారు తడి ఇసుకలో చతికిలబడి ఉన్నారు. కెమెరా ఆయన గుండెకి హత్తుకుని ఉంది, దాని మీద నీటిబొట్టు లేదు. మావయ్యగారు ప్లాస్టిక్ కుర్చీ మీదెక్కి ఉన్నారు. అంటే నాయనమ్మ లేచి నుంచుని ఆయనకి కుర్చీ ఇచ్చిందన్నమాట. అత్తయ్యగారు, చిన్నత్తయ్యగారు చీరలు ఎత్తిపట్టుకుని ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. తాడు చాలని పీతలు సముద్రంలోకి వరసకట్టి వెళ్తున్నాయి, తాడున్నవాటిని అలలు లాక్కుపోతున్నాయి.

నాయనమ్మ అడిగింది ఒక్కటే, ఒక్క ఫొటో. దాన్ని నేను ఇసుకపాలు చేశాను. ఆ ఇంట్లో ఇంక నా పదవి ఊడినట్టేనని ఖాయం చేసుకున్నాను. చినమావయ్యగారు కెమెరా వెనక తెర మీద ఫొటోలు ఒక్కొక్కటీ చూడటం మొదలెట్టారు. మేం చుట్టూ చేరాం.

మొదటి ఫొటోలో అందరి మోకాళ్ల కింది భాగం పడింది. బరువుకి కెమెరా తల వాల్చేసింది మరి. రెండోది కూడా కాళ్లే.

"తిరునాళ్లలో తీసినాయనే ఇవీ తీశాడా ఏంటండీ?" అన్నారు చినమావయ్యగారు.

తర్వాతది సముద్రం. తర్వాతది ఆకాశం. ఆఖరిది వచ్చేసరికి ఆయన వేలు ఆగిపోయింది.

ఫొటో నిండా చినమావయ్యగారే. కళ్లు ఇంతలేసి చేసుకుని, నోరు తెరుచుకుని, రెండు చేతులూ చాపి, చూసేవాళ్లని కౌగిలించుకోవడానికి వస్తున్నట్టు ఉన్నారు. ఆయన వెనక కుర్చీ మీద గాలిలో చేతులాడిస్తూ అన్నగారు. పక్కన చీరల కుచ్చిళ్లు పట్టుకుని ఇద్దరు కోడళ్లు. పొట్ట పట్టుకుని నవ్వుతున్న రమ్య. మధ్యలో చప్పట్లు కొడుతూ, ఉన్న నాలుగు పళ్లూ కనపడేలా నవ్వుతున్న నాయనమ్మ. సముద్రం ఏటవాలుగా ఉంది గానీ అందరి ముఖాలూ అద్దంలో చూసుకున్నట్టు పడ్డాయి.

నాయనమ్మ కెమెరా అడిగింది. ఆయన మారుమాట్లాడకుండా ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ చాలాసేపు చూసింది.

"నోరు తెరిస్తే అచ్చం వాళ్ల నాన్నే," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసి, మళ్లీ నవ్వింది. ఆ నవ్వు చూసి అందరికీ నవ్వొచ్చింది. నాకు మాత్రం ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది.

"అల్లుడుగారేరీ?" అన్నారు అత్తయ్యగారు హఠాత్తుగా.

అందరూ వెతికారు. చినమావయ్యగారు బొమ్మని పెద్దది చేసి అటూ ఇటూ జరిపారు. ఒక మూల, ఇసుక మీద, పైకి లేచి ఉన్న రెండు పాదాలు దొరికాయి. ఒక ప్యాంటు అంచుకి పీత వేలాడుతోంది.

"చెప్పులు పెళ్లికి మనం పెట్టినవేనండీ," అని నిర్ధారించారు మావయ్యగారు.

"నీళ్ల డబ్బా తెస్తాను, ఇంకోసారి తీద్దామండీ," అన్నాను.

"వద్దండీ. ఇదే బాగుంది," అని చినమావయ్యగారు కెమెరాని తువ్వాల్లో చుట్టేశారు.

మొదట్లో ఇచ్చిన మాట ప్రకారం లెక్క చెప్పాలి. కెమెరా దక్కింది. కూరలో ఒకే ఒక్క పీత దక్కింది. నా ప్యాంటు వదలకుండా ఇంటిదాకా వచ్చిన ఆ విశ్వాసపాత్రురాలిని అల్లుడి హక్కుగా నా కంచంలోనే వేశారు. మిగతావాళ్లు కోడిగుడ్డు కూరతో తిన్నారు. స్టాండుని చిన్నత్తయ్యగారు బీరపాదుకి ఊతంగా పెట్టారు. అక్కడది బ్రహ్మాండంగా ఆగింది.

ఇక నా పరువు. ఆ ఫొటోని పెద్దదిగా చేయించి హాల్లో అన్నిటికంటే పైన తగిలించారు. ఇంటికెవరొచ్చినా నాయనమ్మ ముందు అక్కడికే తీసుకెళ్తుంది. "వీడు నా చిన్నకొడుకు, చూడండి ఎంత బాగా పడ్డాడో," అంటుంది. తర్వాత వేలు మెల్లిగా మూలకి జరుపుతుంది. "ఈ కాళ్లు మా రమ్య వాళ్లాయనవి. కాలేజీలో పాఠాలు చెప్తాడు. వస్తువులు ఎందుకు పడిపోతాయో ఈయనకి బాగా తెలుసు."

కాబట్టి సాగరసంగమం సాక్షిగా, ఆ రోజు తప్పించుకున్న పీతలన్నిటి సాక్షిగా, నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువునీ అది పట్టే జేబుని బట్టి కొనను. కెమెరా బరువు చెప్పమంటే ఫోను చూపించను. కొక్కెం కనపడితే తగిలించబోయేది బతికుందా లేదా అని ముందు గోతం మూతి విప్పి చూస్తాను. ఇవేవీ పాటించలేని రోజున, కనీసం కాళ్లకి మంచి చెప్పులైనా వేసుకుని వెళ్తాను.